కోట దర్వాజకు అడ్డం పేర్చిన రాళ్లు

నా చిన్నప్పుడు మా గుట్ట మీది పాడుబడ్డ కోట ఎవరిదని అడిగితే, ఉత్తరాన ఉన్న మా ఊరివాళ్లు మాదే అనేవారు, దక్షిణాన ఉన్న మా అమ్మ పుట్టినూరివాళ్లు మాదే అనేవారు. రెండు రాజ్యాల పొలిమేర మీద ఎవరో రాజు కట్టించిన కోట. ఏ రాజో ఎవరూ ఒక్కతీరుగా చెప్పలేదు. తెలంగాణ వచ్చాక గుట్ట కింద బోర్డు పెట్టారు గానీ, అది చదివినా నాకు తేలిందేమీ లేదు.

మా తాతకు మాత్రం అంతా తెలుసు. నాయినను కన్న తాత ఆయన. లడాయిలో ఓడిన మా వైపు సిపాయిలు దక్షిణపు దర్వాజ నుంచి తప్పించుకుందామని ఉరికితే, అమ్మవాళ్ల ఊరివాళ్లు అప్పటికే దానికి రాళ్లు పేర్చి మూసేశారట. అందరూ అక్కడే చచ్చారట. వాళ్ల బొక్కలు, ఎముకలన్నీ, ఇంకా ఆ రాళ్ల కిందే ఉన్నాయట. నమ్మకపోతే పోయి చూడండి, ఇప్పటికీ మూసే ఉంది అనేవాడు. నిజంగానే మూసి ఉండేది.

కథ అంతటితో ఆగితే బాగుండేది. కూరలో ఉప్పు ఎక్కువైనా, మేకపిల్ల తప్పిపోయినా తాత మా అమ్మనే అనేవాడు, "దర్వాజ మూసిన ఊరిదానివి, నీకేడ దయ ఉంటది!" అమ్మ పొయ్యి వైపు తిరిగి కళ్లు తుడుచుకునేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను తాత మాటే నమ్మాను. అమ్మ తలుపు గడియ పెడుతుంటే నాకు భయం వేసేది. అమ్మ చెడ్డదైతే నేను సగం చెడ్డదాన్నా? ఎవరిని అడగాలో తెలిసేది కాదు.

ఒక ఎండాకాలం అమ్మవాళ్ల ఊరికి పోయినప్పుడు ఆపుకోలేక అమ్మను కన్న అవ్వనే అడిగేశాను. ఇరవై మేకలు, పెద్ద నోరు మా అవ్వకు. తిడుతుందనుకుంటే నవ్వింది. మర్నాడు పొద్దున్నే మేకలతో పాటు నన్నూ గుట్ట ఎక్కించి, ఆ దర్వాజ ముందు నిలబెట్టి, అంచున ఉన్న రాయి ఒకటి గుంజమంది.

నేను ఏడుపు అందుకున్నాను. "అవ్వా, బొక్కలెల్తయి!"

"ఎల్లనియ్యి. జర నేను గూడ జూస్త."

కళ్లు మూసుకుని గుంజాను. జలజలా రాలింది బొక్కలు కాదు, ఎండిన మేక పెంటికలు, ఇంత ముళ్లకంప.

"మీ అమ్మ నా కడుపుల ఉన్నప్పుడు నేనే పేర్చిన బిడ్డా గీ రాళ్లు," అంది అవ్వ. "మేకలు గీడికెళ్లి దిగి చేన్లల్ల పడుతుండె. ఊరోళ్లు తోల్కపోయి బందెలదొడ్ల పెడుతుండ్రి."

"మరి లడాయి?"

"అయిందో కాలేదో నాకేమెరుక? నేనేమన్న అప్పుడు ఉన్ననా?"

నా తల ఇంకా తిరిగిపోయింది. మా తాత పడుచువాడుగా ఉన్నప్పుడు ఆ దర్వాజ తెరిచే ఉండాలి కదా! ఆ సంగతి ఆయన మరిచిపోయాడా, తెలిసీ చెప్పాడా? ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ఇంటికి వచ్చాక, అందరూ అన్నం తింటుండగా చెప్పేశాను. తాత పళ్లెంలోనే చెయ్యి కడిగి లేచిపోయాడు. అమ్మ నా తొడ మీద గట్టిగా గిచ్చింది. మూడో రోజు కర్ర పట్టుకుని ఒక్కడే గుట్ట ఎక్కి, మిట్టమధ్యాహ్నం దిగి వచ్చి, అరుగు మీద కూలబడ్డాడు. అమ్మ చెంబుతో నీళ్లిస్తే తాగి, ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

"మీ అమ్మ గట్టిగనే పేర్చింది బిడ్డా."

అమ్మ గబగబా లోపలికి పోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. ఆ తర్వాత తాత నోట దర్వాజ మాట మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా మనవలు ఆదివారం పూట కోట ఎక్కి ఫోటోలు దిగి వచ్చి, లడాయిలో ఎవరు గెలిచారని అడుగుతారు. నాకు తెలవదు పొమ్మంటాను. ఆ మాట అనడానికి నాకేం నామోషీ లేదు. మా ఇంటికి కోడలు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అబద్ధమెందుకు, కోపంలో దాని పుట్టినూరి పేరు నా నాలుక చివరిదాకా వచ్చిన రోజులున్నాయి. వచ్చిన ప్రతిసారీ మింగేశాను.