బిస్కెట్ ప్యాకెట్‌కు అంటని మైల

చండ్రుగొండలో మా వీధి చివర, దళితవాడకు చెందిన సుజాత ఈ మధ్యే టిఫిన్ సెంటర్ పెట్టింది. ఈ రోజు పొద్దున నేనక్కడ తింటుంటే మా మేనమామ వచ్చి నీళ్ల బాటిల్, బిస్కెట్ ప్యాకెట్ కొన్నాడు.

"ఇడ్లీ వేడిగుంది, తిను మామా," అన్నాను.

"ఆకలైతలేదు బిడ్డా," అంటూనే రోడ్డు దాటి, ఎదుటి హోటల్లో కూర్చుని దోసె తిన్నాడు.

ఆమె కొట్లో కంపెనీ ప్యాకెట్ పనికొస్తుంది, ఆమె చేతి ఇడ్లీ పనికిరాదు! సుజాత ఇడ్లీల మీద మూత పెట్టింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

వచ్చే ఆదివారం మా బాబు మొదటి పుట్టినరోజు. భోజనాల ఆర్డర్ అక్కడికక్కడే ఆమెకిచ్చి, రోడ్డు దాటి మామ ముందు నిలబడ్డాను.

"ఆదివారం వంట సుజాతదే. ముందుగాల్నే చెప్తున్న. వస్తవా?"

"చుట్టాలు ఏమనుకుంటరే?"

"నేను అడిగింది నిన్ను మామా."

మామ బిల్లు కట్టడానికి లేచాడు.

సాయంత్రం సుజాత ఫోన్ చేసింది. "అక్కా, మంది రాకపోతే ఎట్ల? జర తక్కువ వండాల్నా?"

"ఒక్క ముద్ద కూడా తగ్గించకు," అన్నాను.

చుట్టాలు, స్నేహితులు అందరికీ ఇదే పిలుపు. వచ్చేవాళ్లు కింద కామెంట్లో రాయండి. రానివాళ్లు కూడా రాయండి, కానీ ఆకలి లేదని మాత్రం రాయకండి.