సంత ముగిసేవేళ సంచి విప్పే జైనబ్ బీ

ఉల్లిగడ్డల బస్తాలు సగం ఎక్కించాం. అమరచింత సంతకు బయలుదేరే తొందరలో ఉన్నాను. జైనబ్ బీ ఇంటి పక్కనుండే దర్జీ ఫోను చేసి, "అన్నా, పెద్దమ్మ లేదు" అన్నాడు. ఏ సంతకు పోయిందని అడిగాను. "సంతకు కాదన్నా" అన్నాడు. అప్పుడు అర్థమైంది.

పొద్దున్నే నమాజు చేసుకుని, చెప్పులు తొడుక్కుని, సంచులు పక్కన పెట్టుకుని, నా బండి కోసం గడప మీద కూర్చుందట. కూర్చున్నచోటే గోడకు ఒరిగిపోయింది. నేను అప్పటికి రెండు వీధుల అవతల ఉన్నాను. మరణవార్తలకు పుస్తకాల్లో వాడే గంభీరమైన మాటలు నాకు చాలానే తెలుసు. ఆ పొద్దున ఒక్కటీ అక్కరకు రాలేదు. ఉన్న బస్తాలు దింపించాను, మళ్లీ ఎక్కించాను, మళ్లీ దింపించాను. చివరికి ఖాళీ బండితో ఆమె ఇంటికి పోయాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంతల్లో కూరగాయల విత్తనం కొన్నవారికి జైనబ్ బీని పరిచయం చేయనక్కరలేదు. తక్కినవారి కోసం చెబుతున్నాను. డెబ్బై దాటిన మనిషి, సన్నటి ఒళ్లు, తల మీద వెలిసిపోయిన పచ్చ దుపట్టా, చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో విత్తనాల మూటలు, రెండోది ఖాళీ. భర్త ఉన్నప్పుడు ఆయన సంతల్లో గాజులు అమ్మేవాడు. ఆయన పోయాక బంధువులు ఇంటిపట్టున ఉండమన్నారు. నలభై రోజులు ఉండి, నలభై ఒకటో రోజు సంతకు వచ్చేసింది. వారంలో ఐదు రోజులు ఐదు సంతలు. తక్కిన రెండు రోజులు ఆమెకు ఒంట్లో బాగుండేది కాదు. "కూసుంటె కాళ్లు గుంజుతయి కొడుకా. నడిస్తె ఏ నొప్పి తెల్వదు" అనేది. నా ట్రాలీ ఆటో ఎక్కడైనా ఆగితే ముందు సీట్లోంచి అద్దం మీద వేళ్లతో కొట్టేది. జూరాల కట్ట మీద మేకలు అడ్డమొస్తే ఆమె దిగి తోలేది.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. చదివిందంతా గ్రంథాలయాల్లోనే. సంత సాగినంతసేపు డ్రైవరుకు పనుండదు. తోటివాళ్లు బండి కింద నీడలో పడుకుంటే నేను ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి పోతాను. మూడు జిల్లా కేంద్రాల్లో ఏ బీరువాలో ఏ పుస్తకముందో కళ్లు మూసుకుని చెప్పగలను. జైనబ్ బీ నన్ను నర్సిములూ అని పిలిచింది తక్కువ, "లైబ్రరీ సారూ" అని పిలిచిందే ఎక్కువ. ఎగతాళి చేస్తూనే, తిరుగు ప్రయాణంలో మాత్రం "ఇయ్యాల ఏం సదివినవు, చెప్పు" అని అడిగేది. ఒకసారి మిరపకాయ మన దేశపుది కాదని, ఎక్కడో సముద్రాల అవతలినుంచి ఓడల్లో వచ్చిందని చెప్పాను. అంతకుముందు కారం దేనితో తిన్నారని అడిగింది. మిరియాలతో అన్నాను. "అంటె మిరపకాయ గూడ నా లెక్క సంతలు తిరిగిందే" అంది. ఆ రోజంతా ఆమెకు అదే సంతోషం.

ఆమె సంతకు పొద్దున వచ్చినా, అసలు పని మొదలుపెట్టేది సంత ముగిసేవేళ. అందరూ గంపలు దులుపుకునేటప్పుడు ఆమె ఖాళీ సంచి విప్పేది. ముదిరిన బెండ, పండిపోయిన కాకర, గట్టిపడ్డ సొర, ఎవరూ కొనక పారబోసే కాయలు ఏరుకునేది. ధాన్యం అమ్మేవాళ్ల దగ్గర సంచి అడుగున మిగిలిన గింజలు చాటలో పోయించుకుని చూసేది. తెలియనివాళ్లు ముష్టి అనుకునేవారు. గద్వాల సంతలో తైబజారు, అంటే సంత పన్ను, వసూలు చేసే ఒకాయన జాలిపడి, కుళ్లిన దోసకాయ ఒకటి కాలితో ఆమె వైపు నెట్టాడు. ఆమె దండం పెట్టి తీసుకుంది. మరుసటేడు అదే సంతలో ఆయన చేతిలో నాలుగు నిగనిగలాడే దోసకాయలు పెట్టి, "నువ్వు తన్నినదాని పిల్లలు సారూ, మంచిగ పెంచిన" అంది. ఆయన ఆ తర్వాత ఆమె దగ్గర తైబజారు అడగలేదు. దీనికంతా ఆమె చెప్పే సూత్రం ఒక్కటే: "అమ్ముడువోయింది తినేటందుకు. మిగిలింది ఇత్తేటందుకు."

అమ్మడంలోనూ అంతే పట్టుదల. అడిగిన వెంటనే విత్తనం ఇచ్చేది కాదు. నేల ఎరుపా నలుపా, గాలి ఏ దిక్కునుంచి కొడుతుంది, నీళ్లు ఎవరు పోస్తారు, అన్నీ అడిగేది. పెబ్బేరు వైపు రైతు ఒకాయన తన మెట్ట చెలకలో రాళ్లెన్ని ఉన్నాయో చెప్పలేక తడబడితే, "నువ్వు ఇంటికి పోయి మీ ఆమెను తోలు" అని పంపేసింది. ఆయన భార్య నిజంగానే మరుసటి వారం వచ్చింది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఆమె కొన్నది చిటికెడు వంగ విత్తనం.

ఇప్పుడు నేను చేసిన పని గురించి రాయాలి. రాయకుండా ఈ వ్యాసం ముగించవచ్చు, కానీ ఆమె చివరి రెండు నెలలు దానితోనే గడిచాయి.

బల్మూరు దగ్గర సాయమ్మ అనే ఆమెకు ఎకరం ఎర్ర చెలక ఉంది. భర్త లేడు, బోరు లేదు, ముసలి అత్త ఉంది. వానలు పోయాక ఆ నేలలో ఏదీ నిలవదు, ఒక్క అనుము, ఆ చిక్కుడు జాతి తీగె, తప్ప. అదీ అన్ని అనుములూ కాదు. జైనబ్ బీ వాళ్లమ్మ కాలంనుంచి కాపాడుతూ వచ్చిన ఒక రకం. మంచుకే బతికి, చలికాలమంతా కాస్తుంది. ఆ కాయలు సంతకు తెచ్చి అమ్మితేనే సాయమ్మ ఇల్లు గడిచేది. ఒక ఏడు దుకాణంలో పొట్లం విత్తనం కొని వేస్తే తీగె బారెడు పెరిగి పూత రాలిపోయింది. ఆమె ఇంట్లో ఎలుకలు ఎక్కువ. అందుకని కోత కాగానే విత్తనం మొత్తం జైనబ్ బీకి అప్పజెప్పేది, వానకు ముందు తీసుకునేది.

చలికాలం చివర జైనబ్ బీకి ఆయాసం ఎక్కువై దవాఖానలో చేరింది. అక్కడినుంచి కూతురు రాయచూరు తీసుకుపోయింది. పోయేముందు జైనబ్ బీ విత్తనాల కుండలు నాకు అప్పజెప్పింది. మూత తీసి చూశాను. పైదాకా బూడిద, ఎండిన వేపాకు. విత్తనం శుభ్రంగా, పొడిగా, గాలి చొరని డబ్బాలో ఉండాలని నేను చదివాను. ఏ గ్రంథాలయంలో, ఏ బీరువాలో చదివానో కూడా గుర్తుంది. బూడిదంతా జల్లించి పారబోశాను. గింజలు గుడ్డతో తుడిచి, మూత బిగుసుకునే సీసాల్లో పోసి, పేర్లు రాసి అంటించాను. అద్దాల్లోంచి కనబడే ఆ గింజలను చూసి మురిసిపోయాను. ఆమె తిరిగొచ్చాక చూపించి మెప్పు పొందాలనుకున్నాను.

ఎండలు ముదిరాక ఆమె వచ్చింది. సీసా మూత తీసి అరచేతిలో వంపుకుంది. పిండి పడింది, దాంతోపాటు పురుగులు. ప్రతి గింజకూ సూదితో పొడిచినట్టు బొక్క. ఆమె ఒక్కో గింజనూ వేలితో పక్కకు జరిపి చూసింది.

"పుస్తకంల బూడిద గురించి లేదా కొడుకా?"

లేదన్నాను.

"రాసినాయన ఇంట్ల పొయ్యి లేదేమో" అంది. నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు. తప్పు నాదేనని చెప్పబోతే ఆపి, "తప్పు ఎవరిదైతె ఏంది. వాన ఆగి అడుగుతదా? బండి తియ్యి" అంది.

మిగతా విత్తనాలు మళ్లీ దొరికేవే. అనుము ఒక్కటే ఎక్కడా లేదు. వానకు రెండు నెలలు గడువు. ఆ రెండు నెలలు మేము తిరిగినట్టు ఎన్నడూ తిరగలేదు. గ్రంథాలయాలకు పోవడం మానేశాను. సంత ముగిసేదాకా ఆమె వెనక చాట పట్టుకుని నిలబడ్డాను. గుగ్గిళ్లకోసం అమ్మే అనుముల కుప్పల్లో ఆమె వేలు పెట్టి తిప్పేది. గింజ తీసి వెలుగులో చూసేది, ముందు పళ్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కేది, ఉమ్మేసేది. నాకు అన్నీ ఒకలాగే కనిపించేవి. రంగు చూసి పోల్చవచ్చుగా అంటే, "రంగు ఎండ ఇచ్చేది. తల్లి ఇచ్చేది పంటికి తెలుస్తది" అంది. నా పంటికి ఎంత నొక్కినా ఏమీ తెలియలేదు. అమరచింతలో లేదు. గద్వాలలో లేదు. ఆయాసంతో సంచి మీద కూర్చుని లేస్తూ, ఆమె తిరుగుతూనే ఉంది. సాయమ్మ రెండు రోజులకొకసారి ఫోను చేసేది. అడిగేది ఒకటే మాట, దొరికిందా అని.

చివరికి అలంపురంలో తిమ్మక్క అనే కూరగాయలామె గుర్తుకొచ్చింది. వరద వచ్చిన ఏడు ఆ ఊళ్లో ఇళ్లలోని విత్తనం కుండలన్నీ కొట్టుకుపోతే, జైనబ్ బీ ఆమెకు ఈ అనుము గుప్పెడు ఇచ్చిందట. తిమ్మక్క ఆ పంట వేయడం ఎప్పుడో మానేసింది. "మా బర్రెల కొట్టం కంచె మీద ఏదో తీగె దానంతటదే పారుతది పెద్దమ్మా. నేనైతె నీళ్లు గూడ పొయ్యలే" అంది. జైనబ్ బీ సంత వదిలేసి ఆమె వెంట నడిచింది. కంచె మీద ఎండిన కాయలు కొన్ని వేలాడుతున్నాయి. ఒకటి ఒలిచి పంటికింద పెట్టుకుంది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. రెండోది ఒలిచింది, మూడోది ఒలిచింది.

"ఉన్నది" అంది. తర్వాత, "కాని కలిసింది" అంది.

పక్క దొడ్లోనే మామూలు అనుము ఉంది. తుమ్మెదలు ఊరుకుంటాయా? గింజల్లో కొన్ని అసలువి, కొన్ని సంకరం. కొన్నిటిని ఆమె పన్ను కూడా తేల్చలేకపోయింది. అన్నీ కలిపి గుప్పెడున్నర. తొలి వానకు వాటిని బల్మూరు తీసుకుపోయాం. రావద్దని నేను, ఆమె కూతురు ఎంత చెప్పినా వినలేదు. గట్టు మీద కూర్చుని, సాయమ్మ చేత ఒక్కో గింజ మూరెడు దూరంలో పెట్టించింది. కలిసిన మొక్కలను ఉంచితే వాటి పుప్పొడి అసలు మొక్కలకూ తగిలి, వచ్చే ఏటికి విత్తనమే మిగలదని చెప్పింది. "మూడాకు రానియ్యి బిడ్డా. నేనొచ్చి పీకేటివి పీకుత. అప్పటిదాక దేన్నీ ముట్టకు" అంది. ఏది ఎలా గుర్తుపట్టాలో ఇప్పుడే చెప్పమని నేను అడిగాను. "మొలవనిదాన్ని చూపెట్టి ఎట్ల చెప్త? ఆ దినం నువ్వు గూడ రా, చూపెడత" అంది.

ఆ తర్వాత తొమ్మిదో రోజు ఆమె గడప మీద ఒరిగిపోయింది.

ఖబరస్తాన్‌లో మట్టి వేసేటప్పుడు మూడు జిల్లాల సంతలవాళ్లు వచ్చారు. ఎవరి దుకాణం వాళ్లు మూసుకుని వచ్చారు. దోసకాయ ఆయన కూడా వచ్చాడు. తిమ్మక్క ఆడవాళ్లతో ఇంటి దగ్గరే నిలబడిపోయింది. ఇంతమందికి ఇన్ని పంటలిచ్చిన మనిషికి అద్దె ఇంటి పెరడు తప్ప సొంతంగా ఒక సెంటు నేల లేదని అప్పుడే తెలిసింది. నేను చదివిన పుస్తకాల్లో మహనీయుల జీవితాలు చాలా ఉన్నాయి. వాళ్లలో ఎవరికీ తీసిపోని మనిషి పక్కన కూర్చుని ఇన్నేళ్లు బండి నడిపాను. అడగవలసినవి అడగలేదు. నేను చదివింది ఆమెకు చెప్పడంలోనే దారులన్నీ గడిచిపోయాయి.

మూడో నాటి జియారత్ ప్రార్థన అయ్యాక బల్మూరు పోయాను. సాయమ్మకు ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. ఆమె చెలక అంచున నిలబడి, నా బండి ముందు సీటు వైపు చూసింది.

"పెద్దమ్మ ఏది? మూడాకు వచ్చింది" అంది.

చెప్పాను. ఆమె ఉన్నచోటనే మట్టిలో కూర్చుంది. చాలాసేపటికి లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, నన్ను సాళ్ల వెంట నడిపించింది. కొన్ని మొక్కల కాడలు ఎర్రగా ఉన్నాయి, కొన్ని పచ్చగా, ఎక్కువభాగం రెంటికీ మధ్య. సాయమ్మ ఒక మొక్క దగ్గర వంగి, మొదలు దగ్గర రెండు వేళ్లు వేసి పట్టుకుని, నా వైపు తల ఎత్తింది.

"ఇన్నేండ్లు ఆమె ఎంబడి తిరిగినవు గద అన్నా. గిది ఉంచాల్నా, పీకాల్నా?"

అనుము ఏ కుటుంబపు మొక్కో నాకు తెలుసు. ఏయే దేశాల్లో పండుతుందో తెలుసు. తెల్వదని చెప్పాను.

ఆమె కాసేపు అలాగే పట్టుకుని ఉంది. తర్వాత వేళ్లు వదిలి, పక్క మొక్క దగ్గరికి జరిగింది, దాన్నీ పట్టుకుంది, దాన్నీ వదిలింది. అలా సాలు చివరిదాకా పోయింది. ఒక్కటీ పీకలేదు. ఇప్పుడు ఆ ఎకరంలో మొలిచినవన్నీ పెరుగుతున్నాయి. వాటిలో జైనబ్ బీ విత్తనం ఉంది. అది ఏదో చెప్పగల మనిషి మా సంతల్లో ఇక లేదు.