రంగు ఆరేదాకా

బస్సు వంతెన దాటి మలుపు తిరిగేసరికి పక్కసీటు పెద్దమనిషి ఒళ్ళోని వాష్‌బేసిన్ నా మోకాలికి గట్టిగా తగిలింది. ఆయన బేసిన్‌ని తడిమి చూసుకున్నాడు.

"పగిలిందేమో అనుకున్నా."

"నాది మెత్తటి మోకాలే లెండి," అన్నాను.

నవ్వాడు. మాటల్లో పడ్డాం. పేరు చెప్పలేదు; వీధిలో పిల్లలు టులెట్ మావయ్య అంటారట. కింద తనూ భార్యా, పైన అద్దెకిచ్చే రెండు వాటాలు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు అద్దెకిచ్చి చూడమని ఎందుకనలేదో నాకు అంతుపట్టదు. బహుశా కట్టుకున్న ఇళ్ళలో వాళ్ళకే చోటు చాలేది కాదేమో. ఎన్నో ఊళ్ళలో ఎన్నో గదులు ఖాళీ చేసినవాణ్ణి నేను. ఇంటివాడి గోడు వినడం మాత్రం ఇదే మొదలు.

"పోయేవాళ్ళు బల్బు కూడా వదలరండీ. ఒకాయన మేకులు పీక్కుపోయి, కన్నాలు నాకుంచాడు."

వాటా ఒక్క రాత్రి కూడా ఖాళీగా ఉండకూడదన్నది ఆయన పట్టుదల. పొద్దున పాతవాళ్ళ సామాను దిగితే, మధ్యాహ్నానికి కుళాయిలకు వాషర్లు, కన్నాలకు పుట్టీ, సాయంత్రానికి ఒక పూత. ఖాళీ చెయ్యమని మొండికేసినవాళ్ళతో పోట్లాడడు. రంగులు వేయిస్తున్నాను, వాసన పడదు, నాలుగు రోజులు చుట్టాలింటికి వెళ్ళిరండి అంటాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి మూటలు మెట్లకింద, కొత్తవాళ్ళు లోపల.

"నోరు జారకుండా పని అయిపోతుంది," అన్నాడు కాస్త గర్వంగానే.

"ఇప్పుడు ఖాళీ చేసిందెవరు?"

బేసిన్ అంచుని బొటనవేలితో రుద్దాడు. "మా అక్క."

బావ పోయాక వచ్చి పైవాటాలో చేరిందట. తోడబుట్టినదాన్ని అద్దె పెంచమనడానికి నోరు రాలేదు, పొమ్మనడానికీ రాలేదు. రంగుడబ్బా తెచ్చి చూపించాడు. ఆవిడ కూతురింటికి వెళ్ళింది. ఇవాళ కొత్త కుటుంబం దిగుతోంది.

"ఈ ఎత్తు ఆవిడకి తెలీదా?"

"తెలుసు. పక్కవాటా వాళ్ళని పంపినప్పుడు నవ్వింది కూడా. తన దగ్గర చెయ్యననుకుంది."

ఫోన్ మోగింది. బేసిన్ వదల్లేక స్పీకర్ నొక్కాడు.

"ఒరేయ్ తమ్ముడూ, రంగు ఆరిందట్రా?"

"ఇంకా పచ్చిగానే ఉందక్కా. తొందరపడి రాకు, వాసనకి దగ్గొస్తుంది."

"ఎప్పటికి ఆరుతుందంటావు?"

"వానలు కదా. వారం పట్టొచ్చు."

అవతల ఏదో బరువు నేలమీద దించిన చప్పుడు. గోడకి తగలనీకండి అని ఎవరో అంటున్నారు.

"మెట్లమీదే కూర్చున్నానురా," అంది అక్క. "పైకెళ్ళి గోడమీద చెయ్యిపెట్టి చూశాను. శుభ్రంగా ఆరింది. కొత్తగా దిగుతున్న అమ్మాయి నన్ను చూసి, పని అడగడానికొచ్చారా అంది."

"అక్కా, అదీ..."

"నా మూటలు కట్టింది నువ్వా, మీ ఆవిడా?"

ఆయన బేసిన్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వే. ముడెయ్యడం నీకు ఏనాడొచ్చింది గనక. గిన్నెలన్నీ దొర్లుకొచ్చేస్తున్నాయి. వచ్చి గట్టిగా కట్టిపెట్టు, పోతాను."

"వస్తున్నా."

ఆయన ముందే చెప్పిన స్టాపు రానే వచ్చింది. కండక్టరు అరిచాడు. ఆయన లేవలేదు.

"మీదే కదండీ?" అన్నాను.

ముందుసీటు వీపుకేసి చూస్తూ కూర్చున్నాడు. బస్సు కదిలింది. మరో రెండు స్టాపులయ్యాక బేసిన్ ఎత్తుకుని దిగాడు. తిరుగు బస్సు ఆగే అవతలి వైపుకి రోడ్డు దాటలేదు. నా వంక చూడకుండా, మార్కెట్ జనంలోకి నడుచుకుంటూ పోయాడు.