కేస్ షీటులో నా కడుపు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ బతికిన కుర్రాళ్ళకు రెండే దిగుళ్ళు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది, బస్సు ఎప్పుడొస్తుంది. తెలంగాణ ఉద్యమం ఊపుమీద ఉన్న కాలం కాబట్టి రెండూ వచ్చేవి కావు, మేమూ పెద్దగా ఎదురుచూసేవాళ్ళం కాదు. నాకు మాత్రం వీటన్నిటికీ ముందు ఇంకో దిగులు ఉండేది, నా కడుపు. మిగతావాళ్ళకి ఆకలేసినప్పుడే కడుపనేది ఒకటుందని తెలుస్తుంది. నాది పొద్దున లేచింది మొదలు తనున్నానని చాటుకుంటూనే ఉండేది. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో దానిమీద ఉన్నంత కోపం నాకు ఇంకెవరిమీదా ఉండేది కాదు. సొంత ఒంట్లో భాగంతో మాటలు మానేయడం కుదరదు కదా, కుదిరితే మానేసేవాణ్ణే.

దానివల్ల నాకైన నష్టం మందుల ఖర్చొక్కటే అయితే ఊరుకునేవాణ్ణి. ఒక పోటీ పరీక్షలో గంట తిరక్కముందే లేచి నిలబడ్డాను. "ఏం బాబూ, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు ఇన్విజిలేటర్ మెచ్చుకోలుగా. (అయిపోయింది సార్. ఆ ఏడాది మొత్తం అయిపోయింది.) చౌటుప్పల్ దగ్గర ఒక సంబంధం చూడబోతే, పిల్ల వచ్చి కూర్చునేలోపు నేను మూడుసార్లు పెరట్లోకి వెళ్ళొచ్చాను. "పిలగాడు మంచోడే గని, కూసున్న కాడ కూసోడు" అని మర్నాడు కబురొచ్చింది. ఎల్బీనగర్ నుంచి కోఠీ దాకా ఏ హోటల్లో బాత్రూం ఉంది, ఏ పెట్రోలు బంకులో దాని తాళంచెవి ఎవరి జేబులో ఉంటుంది, ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఈ తెలివి జనరల్ స్టడీస్‌లో పనికొచ్చి ఉంటే ఈపాటికి డిప్యూటీ కలెక్టర్‌ని అయ్యేవాణ్ణి. సినిమాకి పిలిస్తే రానని, దావత్‌కి పిలిస్తే తిననని స్నేహితులు నన్ను పొగరుబోతు కింద జమకట్టి పిలవడమే మానేశారు. అసలు సంగతి చెప్పడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకుని నేనూ ఊరుకున్నాను.

ఇంటి నుంచి డబ్బులు రావడం తగ్గాక ప్రైవేటు ఆరోగ్య బీమా అమ్మే ఏజెంటుగా చేరాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిఠాయి దుకాణం పైన మూడో అంతస్తులో ఆఫీసు. అక్కడి మా పై అధికారిని పాలసీ సారు అనేవాళ్ళం. నెల్లూరు వైపు మనిషి, ఎంత కోపమొచ్చినా గొంతు పెంచడు, మాకు అదే భయం. ఈలోగా నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి నాన్న ఫోన్లో గడువు పెట్టాడు. "ఎండాకాలం దాక చూస్త. అప్పటికి నీ కాళ్ళమీద నువ్వు నిలబడ్డవా, సరే. లేకుంటె ఒచ్చి మీ చిన్నాయిన ఎరువుల దుకాణంల కూసో." ఆ దుకాణంలో ఫ్యాను ఉంది, గల్లాపెట్టె ఉంది, బాత్రూం మాత్రం లేదు. ఎలాగైనా హైదరాబాదులోనే నిలబడాలని నేను పంతం పట్టడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

"కొత్త ఏజెంటుకి మొదటి క్లెయిమే ప్రాణమయ్యా" అన్నాడు పాలసీ సారు. "నీ వీధిలో ఒక్కరి ఆస్పత్రి బిల్లు కంపెనీ కట్టిందనుకో, మిగతావాళ్ళు నీ గదికొచ్చి సంతకాలు పెడతారు. కట్టలేదనుకో, ఆ వీధిలో నువ్వు నడవలేవు. ముందు నీ పాలసీ నువ్వు తీసుకో, జనానికి నమ్మకం కుదురుతుంది."

ఆ ఫారాన్ని మన్సూరాబాద్‌లో మా మేనత్త ఇంట్లో కూర్చుని నింపాను. మా అత్తమ్మ నాన్నకి అక్క, చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఇంతకుముందు ఏవైనా జబ్బులున్నాయా అన్న ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది. బియ్యం ఏరుకుంటున్న అత్తమ్మ తలెత్తి చూసింది.

"ఏం రాస్తున్నవ్ అల్లుడు?"

"కడుపు సంగతి, అత్తమ్మా."

"నీకేమన్న దిమాక్ ఖరాబైందా? పెండ్లి గావాల్సినోడివి! కడుపుల రోగమని కాయితం మీద రాస్తె రేపు పిల్లనెవడిస్తడు? లేదని రాయి."

"అబద్ధం గదా?"

"అబద్ధమేంది? రోగమంటె మంచాన పడుడు. నీది రోగం గాదు, అలవాటు."

పాలసీ సారును అడిగితే, "కడుపునొప్పి రానివాడు ఎవడయ్యా లోకంలో?" అని ఫ్యాను వంక చూశాడు. పెద్దలిద్దరి మాట కాదనలేక (ఇది ఇప్పుడు చెప్పుకుంటున్న సాకు, నాకూ రాయాలని లేదు) 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

అత్తమ్మ వాళ్ళకి రెండు వీధుల అవతల నా గది. డాబా మీద రేకుల గది, కింద ఓనరాంటీ. ఆవిడ గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ టీచరు. ఆవిడతో మొదలుపెట్టి ఆ వీధిలో పదకొండు కుటుంబాల చేత పాలసీలు తీయించాను. "నేనూ తీసుకున్నానండీ" అంటూ నా కార్డు చూపించేవాణ్ణి. అందరూ కార్డు వదిలేసి నా మొహం వంక చూసేవాళ్ళు, ఈ అబ్బాయి తొందర్లోనే వాడేటట్టున్నాడే అన్నట్టు.

నాలుగో నెలలో వాడాను. ఆ రోజు బంద్. మెస్ మూసేశారు. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు, అంటే రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం. నేనూ వెళ్ళి గొంతు బొంగురుపోయేలా నినాదాలిచ్చి రెండు ప్లేట్ల పులిహోర తిన్నాను. అక్కడే మహిళల గుంపులో ఉన్న అత్తమ్మ నన్ను చూసి, "బోటి ఒండిన, ఇంటికి రా" అని లాక్కుపోయింది. బోటి అంటే మేక పేగులు. (నా పేగులే దారిలో లేనప్పుడు ఇంకొకరివి దేనికని నాకు తట్టలేదు.) అది తిని గదికి చేరితే మెట్ల దగ్గర ఓనరాంటీ. "బంద్ కదా, ఏం తిని ఉంటావులే పాపం" అంటూ కంచం పెట్టేసింది. గోంగూర, నెయ్యి, గడ్డపెరుగు. ఆవిడ వడ్డిస్తుంటే చాలనే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు.

నాలుగు గంటలకల్లా నేను మెలికలు తిరుగుతున్నాను. ఓనరాంటీ ఫోన్ చేస్తే అత్తమ్మ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. పక్కింటాయన ఆటోలో నన్ను మధ్యన కూలేసి చెరోపక్కా కూర్చున్నారు. చౌరస్తా దగ్గర ఆటోని ఆపేశారు. "అన్నా, జై తెలంగాణ! జర తొవ్వ ఇడువుండ్రి, పోరడు సచ్చేటట్టున్నడు" అని అత్తమ్మ అరిచింది. ముందున్న కుర్రాడు ఓనరాంటీ వంక చూసి నవ్వుతూ "అమ్మ అంటలేదేంది?" అన్నాడు. ఆవిడ రోజూ టీవీ ముందు కూర్చుని రాష్ట్రం కలిసే ఉండాలని వాదించే మనిషి. దీనిమీద ఇద్దరూ నా గది మెట్ల మీద ఎన్నిసార్లు తగువులాడుకున్నారో లెక్కలేదు. ఓనరాంటీ ఒక్కసారి నా మొహం చూసి, "జై తెలంగాణ నాయనా, ముందు దారివ్వండి" అంది. వాళ్ళే పొయ్యి రాళ్ళు జరిపి దారిచ్చారు.

"పిల్లాడి కోసం అన్నాను వదినగారూ, మనసులో లేదు సుమా" అంది ఆటో కదిలాక.

"నాకు తెల్వదా అక్కా" అంది అత్తమ్మ.

దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు దవాఖాన. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, చేతిలో కొత్త కేస్ షీటు. "ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగాడు. నేను ఆ నొప్పిలోనూ ఏజెంటునే. ఆస్పత్రిలో రాసే ప్రతి అక్షరం కంపెనీకి వెళ్తుందని తెలిసినవాణ్ణి. "ఇవాళ మధ్యాహ్నం నుంచి సార్" అన్నాను. అక్కడితో ఆగిపోతే నేను ఈపాటికి పెద్ద ఏజెంటుని.

"ఇయ్యాలటి సంది ఏంది?" అని అత్తమ్మ అందుకుంది. "నాలుగేండ్ల సంది ఉంది సారూ. పోరడు సిగ్గుపడి చెప్పుకోడు."

"నాలుగేళ్ళేంటి వదినగారూ?" అంది ఓనరాంటీ. "మా ఇంట్లో దిగే మూడేళ్ళయింది. దిగిన్నాటికే అయిదారేళ్ళుగా ఉందని తనే చెప్పాడు. పొద్దున్నే ఎన్నిసార్లు వెళ్తాడో ట్యాంకులో నీళ్ళని బట్టి నాకు తెలిసిపోతుందండీ డాక్టరుగారూ."

"మూడేండ్లు చూసిన నీకే గంత తెలిస్తె, ఎత్తుకొని పెంచినదాన్ని నాకెంత తెల్వాలె? సారూ, నువ్వు రాసుకో. వీడు పుట్టుడే గట్ల పుట్టిండు. ఆర్నెల్ల పిలగాడప్పుడు పాలు పడలె. అయిదో తరగతిల నల్లగొండ దవాఖానల మూడు దినాలు గ్లూకోజు ఎక్కిచ్చిన్రు."

"హోమియో ఆయన దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, చీటీ కూడా ఉంది" అంటూ ఓనరాంటీ పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన సంతోషంగా కేస్ షీటు తిప్పి వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. వాళ్ళలా ఓపిగ్గా చెప్పేవాళ్ళు ఆయనకి దొరికి ఉండరు.

"అత్తమ్మా..." అని మూలిగాను, ఆపమని.

"అదిగో, ఎంత నొస్తున్నదో సూడు సారూ" అంది.

"ఇవాళ ఏం తిన్నాడు?" అని అడిగాడు డాక్టరు. అంతసేపూ పోటీలు పడ్డ ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు. బోటి అత్తమ్మకి గుర్తొచ్చింది, గోంగూర ఓనరాంటీకి గుర్తొచ్చింది. ఒకరినొకరు చూసుకున్నారు. "రోడ్డు మీద పులిహోర తిన్నాడండీ" అంది ఓనరాంటీ. "పులిహోరనే అయ్యుంటది" అంది అత్తమ్మ. ఏళ్ళ తరబడి తగువులాడుకున్న ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నేను చూసింది అదొక్కసారే.

వార్డులో పడుకోబెట్టాక అడిగాను. "రాయొద్దన్నది నువ్వే గదా అత్తమ్మా?"

"కాయితం మీద రాయొద్దన్న. డాక్టరుకు చెప్పొద్దన్ననా? డాక్టరు కాడ దాస్తె రోగమెట్ల పోతది?"

నేను చేతికి గ్లూకోజు సూది ఉందని కూడా చూడకుండా లేచి కూర్చుని అరిచాను. "మీరిద్దరు నోరు మూసుకొని ఉంటె నేను బాగుపడుదును! ఎవరు రమ్మన్నరు మిమ్మల్ని?" వార్డు వార్డంతా మావైపు తిరిగింది. అత్తమ్మ నా కాళ్ళమీది దుప్పటి సర్దింది. ఓనరాంటీ నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికి వెళ్ళింది.

రెండో రోజు కంపెనీ నుంచి జవాబొచ్చింది. పుట్టినప్పటి నుంచి ఉన్న జబ్బును ఫారంలో దాచారు కాబట్టి బిల్లు కట్టబోమని రాశారు. వెనకాలే పాలసీ సారు ఫోన్. "డాక్టరు దగ్గర ఎవరు మాట్లాడారయ్యా?" అన్నాడు మెల్లగా. "ఇద్దరు ఆడవాళ్ళు సార్" అన్నాను. "ఒక్కరైతే ఏదో చెప్పి చూసేవాణ్ణి" అని సారు ఫోన్ పెట్టేశాడు. బిల్లు మాత్రం ఆ ఇద్దరే కట్టారు. అక్కడా కౌంటరు ముందు నేను కడతానంటే నేను కడతానని పోట్లాడుకుని, చివరికి చెరిసగం కట్టారట. వాళ్ళమీద నేనరిచి ఒక్కరోజు కూడా కాలేదు.

పదకొండు కుటుంబాల్లో తొమ్మిదింటికి ఈ సంగతి నాకన్నా ముందే తెలిసింది. వచ్చే ఏడు పాలసీ వద్దన్నారు, కొందరు నేను ఎదురైతే సందు మారేవాళ్ళు. ఏజెంటుగా నా పని అయిపోయింది. ఎరువుల దుకాణం ఖాయమనుకుని ట్రంకు సర్దుకుంటుంటే పాలసీ సారు పిలిపించి, క్లెయిములు పరిశీలించే ఒక ఆఫీసులో చిన్న జీతానికి కుదిర్చాడు. "అబద్ధం రాసి దొరికినవాడివి, ఇంకొకళ్ళ అబద్ధం నీకు తొందరగా కనిపిస్తుంది" అన్నాడు. అది తిట్టో దీవెనో తెలీదు గానీ, నేను ఊరికి పోకుండా ఆగిపోయాను.

ఇన్నేళ్ళుగా అదే పని. కేస్ షీట్లలో 'వెంట వచ్చినవారు చెప్పిన ప్రకారం' అన్న మాట చదివినప్పుడల్లా ఎవరో ఒక అత్తమ్మ డాక్టరు ముందు నిలబడి, తన పిల్లాణ్ణి బతికించుకోవాలని ఉన్నదంతా చెప్పేస్తూ కనిపిస్తుంది. అలాంటి కొన్ని కాగితాల మీద క్లెయిము చెల్లదని నేనే రాయాల్సి వచ్చింది. రాసిన రోజున నాకు అన్నం సయించేది కాదు. తెలిసినవాళ్ళందరికీ మాత్రం డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళమని గొప్ప రహస్యంలా చెబుతూ వచ్చాను, నేనూ అలాగే వెళ్ళడం నేర్చుకున్నాను. నా సొంత పాలసీలో ఈసారి అన్నీ నిజాలే రాశాను. కంపెనీవాళ్ళు చదువుకుని కడుపు తప్ప మిగతా ఒళ్ళంతటికీ బీమా ఇచ్చారు.

రాష్ట్రం వచ్చిన తర్వాత కొన్నేళ్ళకి ఓనరాంటీ ఇల్లమ్మేసి గుంటూరు వెళ్ళిపోయింది, అక్కడే పోయిందని తెలిసింది. అత్తమ్మ పోయి రెండేళ్ళవుతోంది. ఆ రోజు వార్డులో అన్నమాటకి తప్పయిందని ఇద్దరికీ చెప్పలేదు. చెబుదామనుకున్నప్పుడల్లా ఏదో ఒకటి తినమని కంచం ముందు కూర్చోబెట్టేవాళ్ళు.

మొన్నామధ్య కడుపు మళ్ళీ తిరగబడితే ఎల్బీనగర్‌లో ఒక ఆస్పత్రికి వెళ్ళాను. చిన్నపిల్లలా ఉన్న డాక్టరమ్మ ఎప్పటి నుంచని అడిగింది. రెండు రోజులన్నాను. ఒక్క వాక్యం రాసుకుంది.

"మీ వెంట ఎవరైనా వచ్చారా అంకుల్?"

"లేదమ్మా, ఒక్కణ్ణే."

"ఇంకా చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

చాలా ఉందమ్మా, చెప్పేవాళ్ళే లేరు, అనబోయి ఆగాను. ఆ ఒక్క వాక్యం కాగితాన్నే జేబులో పెట్టుకుని, నాలో నేనే నవ్వుకుంటూ మందుల దుకాణం వైపు నడిచాను.