కొత్త బూట్ల అడుగు గీకిన రోజు

నేను ఇంతవరకు సామాన్ల చీటీ తప్ప ఏదీ రాయలేదు. ఐదో తరగతితో నా చదువు ఆగింది.  తప్పులుంటే ఉండనివ్వండి. ఈ బూట్ల సంగతి మాత్రం నేనే చెప్పాలి. మా ఆయన చెబితే "మా ఆవిడకి పిచ్చెక్కింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

మేమిద్దరం అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక ఇండియన్ హోటల్ వంటింట్లో పని చేస్తాం. ఆయన దోసె పెనం దగ్గర, నేను పిండి, చట్నీల దగ్గర. మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఒక అమ్మాయి ఉంటుంది. వరంగల్ పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి తలుపు కొట్టింది.

"అక్కా, మా టీమ్‌ల ఒకరు తక్కువైన్రు. ఇయ్యాల గేమ్ ఉంది. వస్తవా?"

"ఏం గేమ్ అమ్మా?"

"బ్రూమ్‌బాల్. ఐస్ మీద ఆడతం. స్కేట్స్ ఏం ఉండయ్, మామూలు షూసే. చీపురు లెక్క ఒక కర్ర ఇస్తరు, దాంతోని బాల్‌ని గోల్‌లకు కొట్టుడే."

మంచం మీద నుంచే మా ఆయన నవ్వాడు. "ఇంట్లో ఊడ్చింది చాల్లేదా? అక్కడ గూడా ఊడవాలంటనా?"

ఆ నవ్వు వినే బయల్దేరాను.

వాకింగ్ షూస్‌తో ఐస్ మీద కాలు పెట్టాను. కాలిన పెనం మీద నీటిబొట్టు ఎలా పరిగెడుతుందో అలా పోయాను. పడ్డాను. లేచి రెండడుగులు వేసి మళ్లీ పడ్డాను. తలకి హెల్మెట్, మోకాళ్లకి ప్యాడ్లు వాళ్లే ఇచ్చారు కాబట్టి సరిపోయింది. మధ్యలో ఒక్కసారి బంతి నా దగ్గరకొచ్చింది. కళ్లు మూసుకుని కొట్టాను. అది పోయి ఐస్ చుట్టూ కట్టిన చెక్క గోడకి ఠప్పుమని తగిలింది. గోల్ కాదు, ఏం కాదు. అయినా మా టీమ్ పిల్లలు "అక్కా! అక్కా!" అని అరిచారు. నాకు నలభై ఆరేళ్లు. బడి మానేశాక నన్నెవరూ ఆటకి పిలవలేదు.

మర్నాటికి మణికట్టు వాచింది. పిండి గిన్నె ఎత్తలేకపోయాను. మా ఆయనే ఎత్తి పెట్టాడు. పెడుతూ అన్నాడు.

"చెయ్యి ఇరిగితే ఈ దేశంలో మనల్ని ఎవడు చూస్తాడే? ఇంక చాలు."

ఆయనది కోపం కాదు, భయం. నాకూ ఉంది ఆ భయం. ఆదివారం ఎప్పుడొస్తుందా అని కూడా ఉంది.

పైనమ్మాయి నా షూస్ తిరగేసి చూసి, "నీ తప్పు కాదక్కా, వీటికి గ్రిప్పే లేదు," అంది. ఈ ఆటకి వేరే బూట్లు ఉంటాయట. అడుగున మెత్తటి రబ్బరు, దాని నిండా చిన్న చిన్న బొడిపెలు. ఆ పిల్ల ఫోన్‌లో చూపిస్తే నా జీతంతో నేనే తెప్పించుకున్నాను. అవి రాగానే మా ఆయన రసీదు పెట్టెలో పెట్టి, పెట్టెని బీరువా పైన జాగ్రత్త చేశాడు.

"నచ్చకపోతే రిటర్న్ చేసేద్దాం," అన్నాడు.

మేం ఇక్కడ ఏది కొన్నా అంతే. ట్యాగు తెంపం, పెట్టె పారెయ్యం. రిమోట్‌కి ప్లాస్టిక్ కవర్ కూడా తియ్యం. రైస్ కుక్కరూ, ఆయన కోటూ, అన్నీ నాలుగు రోజులు ఇంట్లో ఉండి తిరిగి షాపుకి వెళ్లాయి. నచ్చకపోతే అని పైకి అన్నాడు. నేను మానేస్తానని లోపల లెక్క వేసుకున్నాడు.

ఆ ఆదివారం మా ఆయన కారులో దింపితే వెళ్లి, కొత్త బూట్లతో ఇంకా ఎక్కువ జారాను. ఆయన లెక్కే నిజమయ్యేటట్టుంది. ఐస్ తప్ప వేరే నేల తగల్లేదు కాబట్టి బూట్లకి మరక కూడా లేదు.

"రేపు పోయి ఇచ్చేసొస్తా," అన్నాడు ఇంటికొచ్చాక.

పైకెళ్లి ఆ పిల్లని అడిగాను.

"కొత్త సోల్ నున్నగ ఉంటదక్కా. ఆ మెరుపు పోవాలె. శాండ్ పేపర్ తోని మంచిగ గీకు." ఆ గరుకు కాగితం ముక్క ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

కొత్త వస్తువుని కావాలని గీకడం నా జన్మలో లేదు. కింద న్యూస్‌పేపర్ పరిచి, బూటు ఒళ్లో బోర్లా పెట్టుకుని, కాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత మడమ దగ్గర మొదలుపెట్టాను. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. నల్లటి పొడి రాలింది. చప్పుడుకి మా ఆయన వచ్చాడు.

"ఏందే అది?"

"కనపడట్లా? గీకుతున్నా."

"ఓసి నీ... గీకితే వాళ్లు వాపస్ తీసుకోరే!"

"తీసుకోకూడదనే గీకుతున్నా."

"పెట్టె ఏదీ?" బీరువా పైకి చూశాడు.

"అందులో ఎండుమిరపకాయలు పోశా."

 నేను రెండో బూటు అందుకున్నాను. ప్రతి బొడిపె కొసా గరుకు తేలేదాకా గీకి, తడిగుడ్డతో పొడి తుడిచాను. అంతకుముందు వేలు పెడితే జారేది. ఇప్పుడు పట్టుకుంటోంది.

"వచ్చే వారం నేను దింపను," అన్నాడు.

"దింపబాకు."

పైనమ్మాయి కారులో వెళ్లాను. ఐస్ అంచు దాకా బూట్లు చేత్తో పట్టుకెళ్లి అక్కడే తొడుక్కున్నాను, దుమ్ము అంటకూడదని. మోకాళ్లు కొంచెం వంచి ఒక అడుగు వేశాను. కాలు ఆగింది. ఇంకో అడుగు. ఆగింది. జారడం పూర్తిగా పోలేదు, కానీ నేను ఆపితే ఆగుతోంది. పరిగెత్తాను.

ఆట చూసేవాళ్లు కూర్చునే మెట్ల మీద మా ఆయన కూర్చుని ఉండటం అప్పుడు చూశాను. జాకెట్ కూడా విప్పలేదు.

బంతి నా వైపు వచ్చింది. దాని వెనకాలే అవతలి టీమ్‌లో ఒక పొడుగాటి ఆవిడ వచ్చింది. ఇద్దరం ఢీకొన్నాం. నేను వెల్లకిలా పడ్డాను. తల తిప్పి చూసేసరికి మా ఆయన మెట్లు దిగి, ఐస్ మీదకొచ్చే తలుపు దగ్గర గడియ వెతుక్కుంటున్నాడు.

"రాబాకు!" కర్ర పైకెత్తి అరిచాను. "అక్కడే ఉండు!"

అందరూ చూశారు. ఆయన చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

"అక్కా, లే! బాల్ నీ దిక్కే వస్తుంది!" అని పైనమ్మాయి కేక.

బూటు అంచు ఐస్‌కి ఆనించి తన్నుకుని లేచాను. కాలు జారలేదు. బంతిని కొట్టాను. ఈసారి కళ్లు తెరిచే కొట్టాను. పక్కనున్న పిల్లకి అందింది.

ఆ రోజు మేం ఓడిపోయాం. ఇంటికి మా ఆయన కారులోనే వచ్చాను. సీటులో ఎటు కూర్చున్నా నడుము నొప్పి.  సిగ్నల్ దగ్గర అడిగాడు.

"వచ్చే ఆదివారం మళ్లీ పడతావా?"

"పడతా. నువ్వు మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవబాకు."