రాయి చల్లారేదాకా

“ముల్లు సల్లారింది సార్. రాయి ఇంకా సల్లారలేదు.”

“రాయి సంగతి నాకే చెప్తావేమప్పా? కళ్ళు మసకేసినాయని ఒప్పుకో, అయిపోతుంది.”

తలుపు ఇవతల నిలబడి విన్నాను. మొదటి గొంతు అశ్వత్థప్పది, రెండోది మా ఆఫీసరు చెన్నకేశవ గారిది. ఎనభైరెండులో సంగతి, హోసూరులో రాళ్ళను పరీక్షించే చిన్న ల్యాబు. కృష్ణగిరి కాలేజీ మధ్యలో వదిలేసి నేనక్కడ నోటుపుస్తకం రాసే పనిలో చేరి మూడు నెలలు.

అశ్వత్థప్పది రాయకోట పక్కన గొర్రెలు మేపే ఇల్లు. చదివింది ఐదు. రాళ్ళు కొట్టే కూలికి వచ్చి, ఎనిమిదేళ్ళలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. పలుగురాతి బిళ్ళను అరచేయంత కరెంటు పొయ్యిలో పెట్టి కాస్తాడు. పొయ్యి వేడి ఎంతో దాని పక్కనున్న ముల్లు చూపిస్తుంది. వేడి మారితే రాతిగుండా వచ్చే వెలుగూ మారుతుంది. మైక్రోస్కోపులో కనిపించే నల్లగీత నడిమికి వచ్చేదాకా మర తిప్పి అంకె చెబుతాడు, నేను రాస్తాను. వేడి ఎక్కేటప్పుడు నూరు డిగ్రీల దగ్గర వచ్చిన అంకే దిగేటప్పుడూ రావాలి. పదకొండు రోజులుగా రావడం లేదు.

గొడవ దానికే. ప్రతి పది డిగ్రీలకూ ఐదు నిమిషాలు ఆగాలని ఆఫీసరు రూలు. ఇరవై ఆగాలని ఇతను. పొద్దు మునిగినాక కూడా బండ వెచ్చగానే ఉంటుందని, గొర్రెలు వెతుక్కుని దానిమీదే పడుకుంటాయని చెప్పాడు. ఆఫీసరు నవ్వాడు. సరే, రేపొక్కరోజు ఇరవై ఆగి చూడు, అప్పటికీ కలవకపోతే ఎల్లుండినుంచి ప్యాకింగుకు పో అన్నాడు.

అశ్వత్థప్ప బయటికొచ్చి బల్లమీద కూర్చుని కళ్ళద్దాలు తుండుతో తుడుచుకున్నాడు. నాకు దాచడం చేతకాదు. నీ కళ్ళమీద నాకూ అనుమానమే అనేశాను. కోపం తెచ్చుకోలేదు. తనకూ ఉందన్నాడు. మొన్న కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి సంతలో సొంత బావమరిది ఎదురొస్తే ఎవరో అనుకుని పక్కకు తప్పుకున్నాడట. ఆ బావమరిది ఇంకా మాట్లాడటం లేదట.

కాసేపటికి గొంతు తగ్గించాడు.

“ఎక్కేటప్పటి అంకెలన్నీ నాకు నోటికొచ్చేసినాయి. రేపు దిగేటప్పుడు నా చెయ్యి తనంతట తానే ఆడికే తిప్పేస్తాదేమో. నువ్వు గూడా చూడప్పా. నేను చెప్పే అంకె వినొద్దు, పాత పేజీ తిప్పొద్దు. నీ కంటికి ఏది కనబడితే అది రాయి. కలవకుంటే కలవలేదనే రాయి. నాకోసరం మాత్రం కలపొద్దు.”