ప్రోఖోర్ కాలికి కప్పను కట్టిందెవరు?

మొగుడు ప్రోఖోర్ కాలి పుండు మీద కప్పను కట్టి గ్లఫీరా అతని కాలు పోగొట్టిందని రష్యాలో ఈ ఒనెగా సరస్సు ఒడ్డున టీనీళ్ళు కాగే ప్రతి సమోవార్ దగ్గరా అదే కథ. పచ్చి అబద్ధం. ఆ నోళ్ళు పడిపోను!

గ్లఫీరా కప్పలు పట్టేమాట నిజమే. నగరంలో పరిశోధన చేసేవాళ్ళకు పట్టి ఇస్తుంది. పాలక్యానులో కప్పను వేస్తే పాలు విరగవని ముత్తవ్వల నాటినుంచీ ఎరిగిందేగా! ఆ చర్మం జిగురులో క్రిముల్ని చంపే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలున్నాయట, పెప్టైడ్లంటారు. ఇప్పుడు అచ్చం అలాంటివే కప్పతో పనిలేకుండా తయారుచేసి, లేపనంలో కలిపి, యాంటీబయాటిక్‌లకు లొంగని పుండ్ల మీద ఆసుపత్రిలో రాసి చూస్తున్నారు.

గడ్డి కోస్తుంటే ప్రోఖోర్ పిక్కకు కొడవలి దిగింది. మాత్రలు మింగాడు, సూదులు పొడిపించుకున్నాడు. చీము ఆగితేనా! గ్లఫీరా నగరానికి పరుగెత్తి, ఆ లేపనం రాయమని ఆసుపత్రి డాక్టరమ్మను బతిమాలింది. "తీసుకురా, చేర్చుకుంటాం" అందావిడ.

ఇంటికొచ్చి చూస్తే ఏముంది? అత్త ఉస్తీన్య మడుగులోంచి కప్పను తెచ్చి, బతికుండగానే పుండు మీద పెట్టి గుడ్డ చుట్టేసింది.

"పాలను కాపాడేది నా కొడుకును కాపాడదా?" అంది ముసలమ్మ.

"పాలకు పుండుంటుందా అత్తా? ఆ బురదంతా ఆయన నెత్తుట్లోకి ఎక్కించావు కదా!" అంటూ గ్లఫీరా కట్టు లాగి విసిరికొట్టింది.

ఇక లేపనం రాసే వ్యవధే లేకపోయింది. విషమెక్కి కాలు నల్లబడితే, ప్రాణం దక్కించడానికి మోకాలి కింద తీసేశారు.

ఉస్తీన్య ఆనాటినుంచి నోరు విప్పదు. కప్పలు పట్టేది కోడలు కాబట్టి, కట్టిందీ కోడలేనని ఊరు తేల్చేసింది. పైగా, కాలు తీసిన కప్పమందు అదేననుకుని, ఆ లేపనం పేరెత్తితే చాలు, జనం ఆసుపత్రి గడప తొక్కడం లేదు.

పక్కింటి అగాఫ్యా చెయ్యి స్నానాలగది పొయ్యికి కాలింది. ఏ మందుకూ మానలేదు. చివరికి ఆవిడే గేటు దగ్గర నిలబడి అడిగేసింది.

"ముసుగులో గుద్దులాట ఎందుకే గ్లఫీరా! కప్పను కట్టింది నువ్వేనా? ఆ లేపనానికి రమ్మంటున్నారు. పోనా, మాననా?"

కిటికీ వెనక అత్త తలగుడ్డ కదిలింది. గ్లఫీరా అటు చూసింది, చేతిలో బాల్చీ నేలకేసి కొట్టింది.

"నేనే కట్టాననుకో, పో! కానీ కట్టింది కప్పను, మందును కాదు. ఆ మందు ఆయన ఒంటికి తగలనే లేదు. నీకు తగ్గుతుందో లేదో నాకు తెలీదు, డాక్టర్నడుగు. అంతేగానీ నా మీద కోపానికి నీ చెయ్యి కోయించుకుంటావా, బుద్ధిలేనిదానా? ఎక్కు బస్సు!"